ట్రైలర్ లోపలి అల్యూమినియం గోడలకు ఎచ్ ప్రైమర్: పది నెలలు వాడాక నా రివ్యూ

ముందు ఫలితం చెప్పేస్తానండి, ఓపిక ఉన్నవాళ్ళు మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. మా ట్రైలర్ లోపలి అల్యూమినియం గోడలకు ఈ ఫిబ్రవరిలో టూ ప్యాక్ ఎచ్ ప్రైమర్ (రేకుకి పట్టు కోసం రెండు డబ్బాలు కలిపి వేసే మొదటి పొర), దాని మీద సర్ఫేసర్ (రంగుకి ముందు వేసే మధ్య పొర), ఆపైన పీయూ, అంటే పాలీయురెథేన్ రంగు కొట్టించాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, అక్టోబరులో మొంథా తుఫాను, అన్నీ అయ్యాయి. దాదాపు 420 చదరపు అడుగుల్లో పెచ్చు లేచింది ఒకే ఒక్క చోట, అరచెయ్యంత మేర. ప్రైమర్‌కి ఐదుకి ఐదు ఇస్తాను. పని చేసిన మేస్త్రి గారి షెడ్డుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

మాది కోనసీమలో దిండికీ సఖినేటిపల్లికీ మధ్య ఊరు. కొబ్బరితోటలో రెండు గదులు కట్టి, గోదావరి చూడటానికి వచ్చేవాళ్ళకు అద్దెకిస్తుంటాం. మూడో గది కట్టే బదులు మా ఆయన పోయినేడు వేసవిలో ఒక పాత ట్రైలర్ కొనుక్కొచ్చారు. 18 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, లోపల గోడలూ పైకప్పూ అంతా అల్యూమినియం రేకు, వరసగా రివెట్లు. చమురు సర్వే క్యాంపుల్లో పడుకోవడానికి వాడిన బండి అని అమ్మినతను చెప్పాడు. అయ్యుండొచ్చు, మా వైపు ఇలాంటివి కొత్తేం కాదు. 1995లో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి లేచిన మంట అరవై ఐదు రోజులు మండింది కదా, అప్పుడు నేను చిన్నపిల్లని, మా నాన్న సైకిల్ మీద ఎక్కించుకుని దూరం నుంచి ఆ వెలుగు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు దారి పక్కన నిలబెట్టిన ఇలాంటి బళ్ళే చూసిన గుర్తు. అందుకే ఈ బండి ఇంటికి రాగానే నాకు దాని మీద ఒక రకమైన ఇష్టం ఏర్పడింది, బాగు చేయించి తీరాలనిపించింది.

బండి బాగానే ఉంది కానీ లోపల గోడలు చూస్తే ఏడుపొచ్చింది. రంగు ఆత్రేయపురం పూతరేకులా పలచటి పొరలు పొరలుగా లేచి వేలాడుతోంది. గోరు పెట్టి లాగితే జానెడు పొర చేతికొచ్చేది. దాని కింద మెరిసే రేకు, కొన్ని చోట్ల తెల్లటి పొడి.

మొదటిసారి మేం చేసింది తప్పు, అదే ఎక్కువమంది చేస్తారు కాబట్టి చెబుతున్నాను. టౌన్లో ఒక పెయింట్ షాపుకి వెళ్ళి రేకు గోడలకు రంగు కావాలంటే, ఆయన అల్యూమినియమా ఇనుమా అని కూడా అడక్కుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఆయిల్ ఎనామిల్ ఇచ్చేశాడు. ఇళ్ళకు రంగులు వేసే కుర్రాళ్ళు వచ్చి పైపైన ఎమరీ పేపర్ పట్టి రెండు కోట్లు కొట్టి వెళ్ళారు. పదకొండు వేలైంది. ఆగస్టులో వేస్తే దీపావళి నాటికి కిటికీల చుట్టూ బుడగలు, సంక్రాంతికి పొరలు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబంలో రెండేళ్ళ పాప ఆ పొర ఒకటి లాగి నోట్లో పెట్టుకుంది. వాళ్ళమ్మ వెంటనే తీసేసింది, పాపకేం కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. పైన వేసింది మేం వేయించిన కొత్త రంగే, కానీ కింద పాత పొరలు ఎప్పటివో, వాటిలో ఏముందో ఎవరికి తెలుసు? మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన అమలయింది 2017 నవంబరు నుంచే. అంతకుముందు రంగులకు ఆ హామీ లేదు, పైగా ఆ నిబంధన ఇళ్ళ రంగులకే, బళ్ళకూ యంత్రాలకూ వేసే రంగులకు కాదు. మర్నాడే ఆ ట్రైలర్ బుకింగులు ఆపేశాను.

ఇక్కడ అల్యూమినియం గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఇది తెలిస్తేనే ఎక్కడ డబ్బు పెట్టాలో తెలుస్తుంది. అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణం పైన ఒక సన్నటి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. కంటికి కనిపించదు, గట్టిగానే ఉంటుంది, రేకుని అదే కాపాడుతుంది. కానీ నున్నగా ఉంటుంది, మామూలు రంగుకి పట్టు దొరకదు. పైగా ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు సాగుతుంది. పొద్దున్న 25 డిగ్రీలున్న పైకప్పు రేకు మధ్యాహ్నం 50కి చేరిందంటే, 18 అడుగుల పొడవు మీద మూడు మిల్లీమీటర్లకు పైగా సాగి, రాత్రికి మళ్ళీ ముడుచుకుంటుంది. ఏడాది పొడుగునా రోజూ ఇదే. ఎనామిల్ ఎండేకొద్దీ పెళుసెక్కుతుంది, రేకు సాగినంతా అది సాగలేదు. ఇవి చాలక మా కోనసీమ గాలి. ఏసీ వేసి గది చల్లబరిచాక ఎవరో ఒకరు తలుపు తీస్తారు, బయటి తడిగాలి లోపలికొచ్చి చల్లటి రేకు మీద చెమటలా నీరు పడుతుంది. ఆ నీరు రివెట్ల దగ్గర రంగు కిందకు దిగుతుంది. సముద్రం అంతర్వేది దగ్గరే కాబట్టి గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. రివెట్లు ఇనుపవైతే ఇంకా ఘోరం, రెండు లోహాలూ తడీ ఉప్పూ కలిసిన చోట అల్యూమినియమే ముందు తినేసుకుపోతుంది, మేం చూసిన తెల్ల పొడి అదే.

ఇదంతా నాకు మేస్త్రి గారు చెప్పారు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్తుంటే హైవే పక్కన బస్సులకూ వ్యాన్లకూ రంగులు వేసే షెడ్డు ఆయనది. అరవై దాటిన మనిషి. మా బండి టైర్లు చివికిపోయి కదిలేలా లేదు, అందుకని ఆయనే కంప్రెసర్ ఆటోలో వేయించుకుని ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని మా తోటకి వచ్చారు. లోపలికొచ్చి గోడ మీద ఒక చోట పొర లాగి, దాని వెనక వైపు చూసి, "అమ్మా, రంగుదేం తప్పు లేదు, దానికి కాళ్ళే లేవు" అన్నారు. ఏ రంగు వేయిస్తారు, ఏ కంపెనీ అని మా ఆయన అడుగుతుంటే, "రంగు సంగతి ఆఖర్న చూద్దామండి బాబూ, ముందు ఈ కప్పు కారుతోందో లేదో చూడాలి" అని పైకెక్కారు. నిజంగానే కారుతోంది. కొబ్బరికాయలు పడి రెండు చోట్ల నొక్కుకుపోయి, రివెట్లు వదులై నీళ్ళు దిగుతున్నాయి. లోపల ఎంత మంచి రంగు వేసినా వెనక నుంచి నీళ్ళొస్తే నిలవదు. ముందు ఆ అతుకులు పాలీయురెథేన్ సీలెంటుతో పూడ్చారు. బండి మీదకు వంగిన రెండు చెట్లకు గెలలు దింపించేశాం, ఇప్పుడు కాయ ముదరకముందే దింపిస్తున్నాం.

సిలికాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాతవాళ్ళు ఎవరో కిటికీల చుట్టూ సిలికాన్ పూసి ఉన్నారు. సిలికాన్ మీద రంగు పట్టదు. చుట్టుపక్కల కంటికి కనపడని జిడ్డు మిగిలినా సరే, కొట్టిన రంగు అక్కడక్కడ గుండ్రంగా విడిపోయి గుంటలు పడుతుంది, వీళ్ళు దాన్ని ఫిష్ ఐ అంటారు. మా వంటగట్టు పక్కన మొదటి కోటుకే అలా చేప కళ్ళు పది పదిహేను లేచాయి. ఆయన అక్కడితో ఆపేసి, ఆ మేరంతా తుడిచి, గీకి, మళ్ళీ మొదటినుంచి చేశారు. దాని కోసం సగం రోజు పోయింది, అదనంగా ఒక్క రూపాయి అడగలేదు.

పాత రంగు తీయడానికి నాలుగు రోజులు పట్టింది. రంగు కొట్టడానికి పట్టింది రెండున్నర రోజులే. నా అనుభవంలో ఈ పని మొత్తానికి ఇదే అసలు లెక్క, ఎవరైనా ఒక్క రోజులో గీకేసి మర్నాడు కొట్టేస్తాం అంటే ఒప్పుకోవద్దు. పొడిగా గీకనివ్వలేదాయన. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తోనే రుద్దించారు, దుమ్ము లేవకుండా, సీసం ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోకుండా. రాలిన ముద్దంతా పాలిథిన్ పట్టాల మీద పట్టి మూటలు కట్టాం, తోటలో పారబోయలేదు. హీట్ గన్‌తో కాలిస్తే తొందరగా వస్తుంది కదా అని మా ఆయన అంటే, సీసం ఉన్న రంగు కాలితే ఆ పొగ ఇంకా ప్రమాదం అని వద్దన్నారు. మా అత్తయ్య గారు కాస్టిక్ సోడా నీళ్ళు కొడితే క్షణాల్లో వదులుతుందన్నారు, ఇత్తడి గిన్నెల విషయంలో ఆవిడ చెప్పేవన్నీ నేను పాటిస్తాను కానీ ఇక్కడ కాదు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే తినేస్తుంది, నురగ కక్కుతూ హైడ్రోజన్ వాయువు కూడా వదులుతుంది, మూసిన బండిలో అది అసలే మంచిది కాదు. ఇనుప బ్రష్, ఇనుప పీచు కూడా వద్దు. వాటి రజను రేకులో దిగబడి తర్వాత అక్కడే తుప్పు చుక్కలు కడుతుంది. ప్లాస్టిక్ పట్టీతో గీకి, 180 నంబరు పేపరు, తర్వాత ఇంకా నున్నటి 320, ఆఖర్న స్కాచ్ బ్రైట్.

అలా గీకుతుంటే పడక గోడ దగ్గర లోపలి పొరలో పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు బయటపడింది. "ఇది జింకు క్రోమేట్, పాత రోజుల్లో విమానాలకూ ఇదే వేసేవారు. ఇది ఇంకా రేకుని వదల్లేదు, దీన్ని మనం కెలకొద్దు" అన్నారు మేస్త్రి గారు. క్రోమేట్ పొడి పీల్చకూడదు, క్యాన్సర్ కారకం. గట్టిగా పట్టుకుని ఉన్న చోట దాన్ని అలాగే ఉంచి, అంచులు మాత్రం తడిపేపర్‌తో నున్నగా కలిపి దాని మీద నుంచి వెళ్ళారు. అంతా నున్నగా గీకేస్తేనే పని బాగా చేసినట్టు అనుకునే పనివాళ్ళే నాకు ఇంతవరకూ తెలుసు. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి అని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

కడగడం దగ్గర మా ఊళ్ళో ఒక చిక్కుంది. మా బోరు నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళతో కడిగితే ఆరాక రేకు మీద ఉప్పు మిగిలిపోతుంది, దాని మీద రంగు వేస్తే తర్వాత ఆ ఉప్పే తడిని లాక్కుని బుడగలు లేపుతుంది. మేం మొదటిసారి చేసిన తప్పుల్లో ఇదీ ఒకటని ఇప్పుడు అర్థమైంది. ఈసారి తాగే నీళ్ళ టిన్నులు, 20 లీటర్లవి, పద్నాలుగు తెప్పించాను. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఒకసారి, ఉత్త మంచినీళ్ళతో రెండుసార్లు. లోపల పడుకున్నవాళ్ళు కాల్చిన సిగరెట్ల పొగ ఏళ్ళ తరబడి పేరుకుని ఉంది కాబోలు, మొదటి బకెట్ నీళ్ళు టీ డికాషన్ రంగులో దిగాయి. తర్వాత థిన్నర్‌తో తుడవడం, ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చేతిలో పొడిగుడ్డ. తడిగుడ్డ తిప్పిన వెంటనే ఆరకముందే పొడిగుడ్డతో లాగేయాలి, లేకపోతే జిడ్డు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పూసినట్టే అవుతుంది. గుడ్డలు మారుస్తూ ఉండాలి, పాత నూలు చీరలు మూడు అయిపోయాయి.

శుభ్రమైందో లేదో చూసే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది, ఎవరైనా చేసుకోవచ్చు. గోడ మీద మంచినీళ్ళు చల్లి చూడాలి. నీరు తామరాకు మీద బొట్టులా ముడుచుకుంటే ఇంకా జిడ్డున్నట్టు. ఒక పలచటి పొరలా మొత్తం పరుచుకుని కిందకు జారితే గోడ సిద్ధం. మాకు మూడోసారికి గానీ అలా పరుచుకోలేదు.

ఇక అసలు సరుకు, ఎచ్ ప్రైమర్. బస్సుల వాళ్ళు వాష్ ప్రైమర్ అంటారు, షాపులో ఆ పేరుతో అడిగితే తొందరగా అర్థమవుతుంది. కార్లకు, బస్సులకు రంగులమ్మే షాపుల్లో దొరుకుతుంది, ఇళ్ళ రంగుల షాపుల్లో వెతకొద్దు. రెండు డబ్బాలు వస్తాయి, ఒకటి ప్రైమర్, రెండోది యాక్టివేటర్. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది రేకు పైపొరను కొద్దిగా కొరికి పట్టుకుంటుంది, మేస్త్రి గారు చెప్పిన కాళ్ళు అవే. డబ్బా మీద రాసిన పాళ్ళలో కలపాలి, కలిపింది ఆ పూటకే, మిగిలితే పారేయాల్సిందే. చాలా పలచగా కొట్టాలి, ఎనిమిది పది మైక్రాన్లు చాలు, మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండొచ్చు ఉండకపోవచ్చు అంత పలచన. కొట్టాక కూడా కింద రేకు మసకమసకగా కనిపిస్తూనే ఉండాలి. నాకు అది చూసి సరిగ్గా పడలేదేమో, ఇంకో కోటు వేయిద్దామా అనిపించింది. అడిగాను కూడా. "మందంగా వేస్తే ఇదే పెచ్చులై ఊడుద్దమ్మా" అన్నారు. ఇది తడిని ఆపే రంగు కాదు, పట్టు కోసం వేసే పొర, అందుకని ఊరికే వదిలేయకుండా అదే రోజు దాని మీద సర్ఫేసర్ పడిపోవాలి. ఇంకొక జాగ్రత్త, ఈ ఆమ్లం ఉన్న ప్రైమర్ మీద కొన్ని ఎపాక్సీ రకం పూతలు సరిగా గట్టిపడవు. ప్రైమర్ ఒక కంపెనీది, పైది ఇంకో కంపెనీది కొనకుండా, మూడూ ఒకే కంపెనీవి, ఒకదానిమీద ఒకటి వేయొచ్చని వాళ్ళే రాసినవి తీసుకోండి. లప్పం కూడా నేరుగా ఎచ్ ప్రైమర్ మీద పెట్టొద్దు.

మా వైపు వాళ్ళకు అన్నిటికంటే ముఖ్యం తేమ. అంతర్వేది తీర్థం అయిపోయి అద్దెకు దిగినవాళ్ళంతా వెళ్ళాక, ఫిబ్రవరి మూడో వారంలో మొదలుపెట్టాం. పొద్దున్న మంచు తొమ్మిదిన్నర దాకా వదలదు, రేకు ముట్టుకుంటే తడి. నేను ఒక చిన్న తేమ మీటర్ కొన్నాను, 85 శాతం దాటితే కొట్టకూడదు, రేకు వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి అన్నది వీళ్ళ లెక్క. ఆచరణలో పదిన్నరకు మొదలెట్టి మూడున్నరకు ఆపేసేవారు. ఒక రోజు మబ్బు పట్టి మీటర్ 88 చూపించింది. కుర్రాడు కానిచ్చేద్దాం అన్నాడు, మేస్త్రి గారు గన్ను కడిగి సర్దేసి వెళ్ళిపోయారు. తడిలో కొడితే ఎచ్ ప్రైమర్ తెల్లగా పాలిపోతుంది, పీయూ రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్ కూడా తేమ తగిలితే బుడగలు లేపుతుంది. ఆ రోజు సగం కూలి నేనే ఇచ్చాను, ఆయన అడగలేదు. వర్షాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, ఎవరెంత తొందర చేసినా సరే. మేం ఆగస్టులో వేయించాం కదా మొదటిసారి, అది గుర్తుపెట్టుకోండి.

పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే, కోవిడ్ మాస్కు పెట్టుకుంటే సరిపోదు. ఒకసారి ఊపిరికి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిగా తగిలినా ఉబ్బసం వస్తుంది. ఈ షెడ్డులో నాకు నచ్చని మొదటి సంగతి ఇదే. మేస్త్రి గారు తను రెండు వైపులా గాలి వడగట్టే కార్ట్రిడ్జులున్న మాస్కు పెట్టుకున్నారు కానీ కుర్రాడికి లేదు. నేను పని ఆపించి, అమలాపురానికి మనిషిని పంపి ఒకటి తెప్పించి ఇచ్చాకే లోపలికి వెళ్ళనిచ్చాను. "మాకు అలవాటేనమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. పంతొమ్మిదేళ్ళుంటాయి. మీరు ఎవరితో చేయించినా ఇది ముందే అడగండి, మాస్కు లేకపోతే మీరే కొనివ్వండి. రెండు కిటికీలు తెరిచి, ఒకదానికి బయటికి గాలి లాగే ఫ్యాను పెట్టాం, వంట గ్యాస్ సిలిండర్ తీసేశాం, ఆ వారం ఆ చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయలేదు.

రంగు లేత మీగడ రంగు, మ్యాట్. గ్లాసీ రంగు వేయిస్తే మెరుపు బాగుంటుంది కానీ రేకులో ఉన్న ప్రతి నొక్కూ, ప్రతి సొట్టా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అమెరికాలో 1950ల నాటి అల్యూమినియం ట్రైలర్ల లోపల జోలాటోన్ అని చుక్కచుక్కల రంగు వేసేవారు, సొట్టలు దాచడానికి అది ఎంత తెలివైన పనో మా గోడలు చూశాక తెలిసింది. ఆ తర్వాతి రోజుల బళ్ళలో రేకు మీద వినైల్ పొర అంటించి వచ్చేది. మీ బండిలో గోడ మెత్తగా, తోలులా గరుకుగా ఉంటే అది వినైల్ కావచ్చు, దానికి ఈ ఎచ్ ప్రైమర్ పనికిరాదు, వినైల్‌కి పట్టే ప్రైమర్ వేరే ఉంటుంది. మా దాంట్లో బాత్రూమ్ అడ్డుగోడ ఒక్కటి అలాంటిదే, దాన్ని వదిలేశాం.

ఖర్చు: ప్రైమర్, సర్ఫేసర్, రంగు, థిన్నర్ అన్నీ కలిపి 24,000. కూలి 19,500. మాస్కు, టేపులు, పేపర్లు, నీళ్ళ టిన్నులు 3,000. మొత్తం 46,500. మొదటిసారి పోసిన పదకొండు వేలు వేరే. ఎక్కువే, కాదనను. కానీ ఎనామిల్ ఏటా వేయిస్తూ ఏటా గీకిస్తూ పోతే ఐదేళ్ళకు ఇంతకు మించే అవుతుంది, పైగా ప్రతిసారీ ఆ పాత పొరల దుమ్ము.

పది రోజులయ్యాక మంచం వెనక ఎవరికీ కనపడని చోట బ్లేడుతో గళ్ళు గళ్ళుగా గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగాను. ఒక్క గడి ఊడలేదు. అదే పరీక్ష పాత ఎనామిల్ మిగిలిన అలమర తలుపు మీద చేస్తే టేపుకి మొత్తం అంటుకుని వచ్చేసింది.

అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు నాలుగు రోజులు కరెంటు లేదు. ట్రైలర్ని తాళ్ళతో కట్టి, తలుపులు మూసి వదిలేశాం. ఐదో రోజు తెరిస్తే లోపల గోడలన్నీ నీళ్ళు కారుతున్నాయి, ఎవరో కడిగినట్టు. నాకు కాళ్ళు వణికాయి, అంతా పోయిందనుకున్నాను. పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను పెట్టి ఆరబెట్టాక చూస్తే గోడలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కుడివైపు కిటికీ కింద మూల మాత్రం రంగు లేచింది. అక్కడ పాత రబ్బరు బీడింగ్ తీయకుండా దాని అంచు దాకా రంగు కొట్టేశారు, బీడింగ్ వెనక నుంచి వాన దిగింది. మిగతా మూడు కిటికీలకు తీసి చేశారు, దీనికి ఆఖరి రోజు చీకటి పడుతోందని తీయలేదు, నేను చూసి కూడా ఊరుకున్నాను. ఫోన్ చేస్తే వస్తానన్నారు, నాలుగోసారి ఫోన్ చేశాక, మూడు వారాలకు వచ్చారు. వచ్చాక మాత్రం బీడింగ్ ఊడదీసి, ఆ మూల మొత్తం మొదటినుంచి చేసి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తుఫాను తర్వాత ఆయనకు ఎన్ని బళ్ళ పనులు వచ్చి ఉంటాయో నాకు తెలుసు, అయినా ఆ మూడు వారాలూ ట్రైలర్ ఖాళీగా ఉంది, కార్తీక మాసం అద్దెలు పోయాయి. అందుకే ఆ అర. బాత్రూమ్ తలుపు పక్కన కొద్దిగా నారింజ తొక్కలా గరుకుగా పడింది కూడా, అది నాకు పెద్ద ఇబ్బందిగా లేదు.

ఆ సంక్రాంతికి వచ్చిన కుటుంబానికి గోడల ఫొటోలు పంపాను. ఈ సంక్రాంతికి మళ్ళీ వస్తామన్నారు, ట్రైలర్లోనే దిగుతామన్నారు. ఈలోగా ఆ ఎనామిల్ ఉన్న అలమర తలుపులు రెండూ ఊడదీసి షెడ్డుకే పంపిస్తున్నాను. ఈసారి కుర్రాడి మాస్కు సంగతి కూడా ముందే మాట్లాడాను.